ఆముదం కలిసిన చందమామ వాచ్: అసలుదీ, నకిలీదీ రెండూ కొన్నాక తెలిసిన సంగతులు

బాన్సువాడ బస్టాండ్ దగ్గర్లో ఒక చిన్న వాచ్ రిపేర్ దుకాణం ఉంది. నా స్కూల్ రోజుల నుంచీ అక్కడే ఉంది. మొన్న ఆ గాజు కౌంటర్ మీద రెండు ఎర్ర వాచీలు పక్కపక్కన పెట్టి, "చాచా, వీటిల్ల ఏది అసలుదో చెప్పుండ్రి" అని అడిగా. దూరం నుంచి చూస్తే రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి.

చాచా కంటికి భూతద్దం పెట్టుకుని ఒకదాన్ని తిప్పి చూశారు. రెండోదాన్ని తిప్పి చూశారు. నిమిషం కూడా పట్టలేదు. మొదటిదాన్ని వేలితో నా వైపు నెట్టి, "ఇది బొమ్మ బేటా. ఎంత పెట్టినవ్?" అన్నారు.

నేను చెప్పలేదు. ఎందుకంటే ఆ బొమ్మకే ఎక్కువ పెట్టాను.

ఆ రెండూ మూన్‌స్వాచ్‌లు. అంటే ఒకటి మూన్‌స్వాచ్, ఇంకోటి మూన్‌స్వాచ్ అని నేను నమ్మినది. వాచీలు కలెక్ట్ చేసేవాళ్లకి ఈ పేరు బాగా తెలుసు. తెలియనివాళ్లు కూడా రీల్స్‌లో ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఇలాంటి కొలాబ్ వాచ్‌ని మనలాంటి చిన్న ఊరి నుంచి కొనాలంటే ఏం తెలిసుండాలి, ఎంతకి కొంటే న్యాయం, ఎంత దాటితే పిచ్చి అన్నది ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నా.

అసలేంటీ మూన్‌స్వాచ్?

ఒమేగా అనే స్విస్ కంపెనీకి స్పీడ్‌మాస్టర్ అనే వాచ్ ఉంది. 1957లో వచ్చింది. వేడి, చలి, కుదుపులు, ఒత్తిడి అన్నీ పెట్టి పరీక్షించాక 1965లో నాసా దీన్ని మనుషులు వెళ్లే మిషన్లకి ఓకే చేసింది. 1969 జులైలో అపోలో 11 దిగినప్పుడు బజ్ ఆల్డ్రిన్ చేతికి ఉన్నది ఇదే. ల్యాండర్‌లోని టైమర్ పనిచేయకపోవడంతో ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచ్‌ని లోపలే వదిలి దిగాడు. అందుకే చంద్రుడి మీద మొదట అడుగుపెట్టిన మనిషి ఆర్మ్‌స్ట్రాంగ్ అయినా, మొదట నడిచిన వాచ్ మాత్రం ఆల్డ్రిన్‌ది. అప్పటి నుంచి దీనికి మూన్‌వాచ్ అనే పేరు పడిపోయింది. 2022 నాటికే దీని ధర ఆరు వేల డాలర్లు దాటి ఉంది.

ఇక స్వాచ్. జపాన్ క్వార్ట్జ్ వాచీల దెబ్బకి స్విస్ కంపెనీలు మూతపడుతున్న రోజుల్లో, 1983లో, కేవలం 51 భాగాలతో చేసిన ప్లాస్టిక్ వాచ్‌తో మార్కెట్లోకి వచ్చింది. రంగులు, సరదా, తక్కువ ధర దాని బలం. ఇప్పుడు ఒమేగా, స్వాచ్ రెండూ ఒకే స్వాచ్ గ్రూప్‌లో ఉన్నాయి. సూటు వేసుకునే పెద్దకొడుకూ, చిరిగిన జీన్స్ వేసుకునే చిన్నకొడుకూ ఒకే ఇంట్లో ఉన్నారన్నమాట.

2022 మార్చి 26న ఈ అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక అల్లరి చేశారు. స్పీడ్‌మాస్టర్ ఆకారాన్ని దాదాపు అలాగే తీసుకుని, స్టీల్‌కి బదులు బయోసెరామిక్ అనే మెటీరియల్‌తో, లోపల మెకానికల్‌కి బదులు బ్యాటరీ మూవ్‌మెంట్‌తో, 11 రంగుల్లో దింపారు. సూర్యుడు, చంద్రుడు, మిగతా గ్రహాలు ఒక్కోదానికి ఒక్కో వాచ్. 2006లో గ్రహాల లిస్టు నుంచి తీసేసిన ప్లూటోకి కూడా ఒకటి ఇచ్చారు. లాంచ్ ధర 260 డాలర్లు. అప్పటి లెక్కలో దాదాపు 20 వేల రూపాయలు.

లిమిటెడ్ కాని లిమిటెడ్ ఎడిషన్

ఇక్కడే అసలు తమాషా ఉంది. ఆ 11 వాచీలు లిమిటెడ్ ఎడిషన్ కాదని కంపెనీ మొదట్లోనే చెప్పింది. కానీ ఆన్‌లైన్‌లో పెట్టలేదు. ఎంపిక చేసిన కొన్ని స్వాచ్ షాపుల్లో మాత్రమే అమ్మింది. మనిషికి ఇన్నే అని పరిమితి కూడా పెట్టింది. దాంతో లండన్, సింగపూర్ లాంటి చోట్ల ముందురోజు రాత్రి నుంచే జనం లైన్లు కట్టారు. వాచ్ కొని బయటికొచ్చినవాళ్లు అక్కడే ఫోన్ తీసి మూడు నాలుగు రెట్లకి అమ్మకానికి పెట్టారు.

నేను చేసే పని సాఫ్ట్‌వేర్. మా భాషలో చెప్పాలంటే ఇది స్టాక్ సమస్య కాదు, రేట్ లిమిట్ సమస్య. సర్వర్‌లో డేటా బోలెడంత ఉంది, కానీ గంటకి ఇన్ని రిక్వెస్టులే తీసుకుంటానంటే బయట క్యూ పెరుగుతుంది కదా, అలాంటిదే. ఒక్క 2022లోనే మూన్‌స్వాచ్‌లు పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. పది లక్షలు ఉన్న వస్తువుని అరుదైనదని చెప్పి మూడు రెట్లకి అమ్ముతున్నారంటే, మనం కొంటున్నది వాచ్ కాదు, వేరేవాడు లైన్లో నిలబడిన టైమ్.

నిజంగా పరిమితంగా వచ్చినవి తర్వాత వచ్చాయి. 2023 మార్చి 7న, పౌర్ణమి రోజు, సెకన్ల ముల్లుకి మూన్‌షైన్ గోల్డ్ పూత వేసి టోక్యో, జ్యూరిక్, మిలాన్, లండన్ నాలుగు ఊళ్లలోనే అమ్మారు. మన దగ్గర పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం చేస్తే, అక్కడ వాచ్ డ్రాప్ చేశారు.

నాకు బాగా నచ్చిన జోక్ మాత్రం స్నూపీది. పీనట్స్ కామిక్స్‌లో ఉండే ఆ తెల్ల కుక్కపిల్లే. 1969 మేలో వెళ్లిన అపోలో 10లో లూనార్ మాడ్యూల్‌కి స్నూపీ, కమాండ్ మాడ్యూల్‌కి చార్లీ బ్రౌన్ అని పేర్లు పెట్టారు. 1970లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంక్ పేలి, కరెంట్ ఆదా చేయడానికి చాలా సిస్టమ్స్ ఆపేయాల్సి వచ్చినప్పుడు, దారి సరిచేసుకోవడానికి ఇంజిన్‌ని 14 సెకన్లు మండించారు. ఆ 14 సెకన్లు కొలిచింది ఒమేగాతోనే. అందుకు గుర్తుగా వ్యోమగాములు ఒమేగాకి సిల్వర్ స్నూపీ అవార్డ్ ఇచ్చారు. ఆ తర్వాత ఒమేగా తెచ్చిన స్నూపీ వాచీల్లో 2015 ఎడిషన్ 1,970 పీసులే చేశారు. ఆ అంకె ఎందుకో మీకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. అదే కుక్కపిల్ల 2024 మార్చి 26న 310 డాలర్ల తెల్ల మూన్‌స్వాచ్‌లోకి వచ్చింది. చంద్రుడి కళలు చూపించే చిన్న కిటికీలో వుడ్‌స్టాక్ పిట్టతో కలిసి పడుకుని కనిపిస్తుంది.

కొలాబ్ వాచ్ అంటే ఇదే. కథ తెలిసినవాళ్లకి నవ్వొస్తుంది, తెలియనివాళ్లకి రంగుల ప్లాస్టిక్ ముక్కలా కనిపిస్తుంది.

నేను ఎలా మునిగానంటే

బాన్సువాడలో మంచి బిర్యానీ దొరుకుతుంది, వరి కోత మిషన్ పార్ట్స్ దొరుకుతాయి, ఏ ఫోన్‌కైనా టెంపర్డ్ గ్లాస్ దొరుకుతుంది. మూన్‌స్వాచ్ దొరకదు. హైదరాబాద్ వెళ్లాలంటే బస్సులో మూడు నాలుగు గంటలు. షాపులో లైన్ కట్టి కొనే వస్తువు మనలాంటివాళ్ల దాకా రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఉండాల్సిందే. నకిలీలు వచ్చేది సరిగ్గా ఆ మధ్యలోనే.

సోషల్ మీడియాలో ఒక పేజీ కనిపించింది. వేలల్లో ఫాలోవర్లు, అన్‌బాక్సింగ్ వీడియోలు, "థాంక్యూ అన్నా" అని స్క్రీన్‌షాట్లు. మిషన్ టు మార్స్, ఎర్రది, సీల్డ్ పీస్, రూ. 27,500 అన్నాడు. బేరమాడితే రూ. 26,000కి దిగాడు. క్యాష్ ఆన్ డెలివరీ ఉందా అని అడిగితే, "బ్రో, ఇంత కాస్ట్లీ ఐటమ్‌కి ఎవరూ ఇవ్వరు" అన్నాడు. లాజిక్ కరెక్టే అనిపించింది. యూపీఐ కొట్టేశా. రోజూ కోడ్ రివ్యూలో వేరేవాళ్ల తప్పులు వెతికేవాడిని, నా తప్పు నాకే కనపడలేదు.

పార్సిల్ టైమ్‌కే వచ్చింది. డబ్బా బాగుంది. వాచ్ కూడా మొదటి రోజు బాగానే ఉంది. మూడో రోజు స్టాప్‌వాచ్ ఆన్ చేద్దామని పై బటన్ నొక్కా. ఏమీ కాలేదు. కింది బటన్ నొక్కా. ఏమీ కాలేదు. డయల్‌లోని మూడు చిన్న గుండ్రాల్లో రెండిటి ముళ్లు అసలు కదిలేవే కావు, ఊరికే అతికించినవి. మెసేజ్ పెడితే మొదట "ఛార్జ్ అయిపోయుంటుంది బ్రో" అన్నాడు. దీనికి ఛార్జింగ్ ఎక్కడుంది? తర్వాత బ్లాక్ చేశాడు.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు చెప్తా, మీరు చేయకండి. సిగ్గుతో రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి ఆ వాచ్ రెండు వేలని చెప్పి ఉన్నా మరి. మోసం తెలిసిన వెంటనే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు అవతలి ఖాతా దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను చేసేసరికి ఆ టైమ్ ఎప్పుడో దాటిపోయింది.

అసలుది వచ్చింది మా మేనత్త కొడుకు ద్వారా. బావ డాలస్‌లో ఉంటాడు. ఇండియాకి వచ్చే ముందు "ఏం కావాల్రా?" అని అడిగితే ఈసారి మొహమాటం లేకుండా చెప్పా. లైన్ లేదు, గొడవ లేదు, షాపులోకి వెళ్లి షాపు ధరకే తెచ్చాడు. అంటే నేను నకిలీకి కట్టిన దానికంటే అసలుది తక్కువకే వచ్చింది.

డిజైన్, మెటీరియల్: నానమ్మకి నచ్చిన సెక్షన్

బయోసెరామిక్‌లో మూడింట రెండు వంతులు సెరామిక్ పొడి. మిగతా ఒక వంతు ఆముదం నూనె నుంచి తీసిన మెటీరియల్. చదివింది కరెక్టే, ఆముదమే. మన పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో పండే ఆముదం. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించే దేశం మనదే, అందులో గుజరాత్‌ది మొదటి స్థానం.

ఇది నానమ్మకి చెప్తే వాచ్ చేతిలోకి తీసుకుని వాసన చూసింది. "ఆముదంతోని గడియారం చేసిన్రా? మరి జిడ్డు లేదేంరా?" అంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని మన సామెత. స్పీడ్‌మాస్టర్ కొనే స్థోమత లేని నాలాంటోడికి ఈ వాచ్ అచ్చం అంతే, అక్షరాలా.

పట్టుకుంటే మామూలు ప్లాస్టిక్‌లా ఉండదు. పైన మ్యాట్‌గా, కొంచెం సిల్క్ లాంటి ఫీల్. బరువు మాత్రం చేతికి ఉన్నట్టే తెలీదు. 42 మిల్లీమీటర్ల కేస్, 13.25 మిల్లీమీటర్ల మందం. నా మణికట్టు సన్నగా ఉంటుంది, అయినా అంచులు కిందికి వంగి ఉండటంతో పెద్దగా అనిపించలేదు.

మార్స్ మోడల్‌లో ఎర్ర కేస్, తెల్ల డయల్, చిన్న గుండ్రాల్లోని ముళ్లు స్పేస్ క్యాప్సూల్ ఆకారంలో ఉంటాయి. అది ఊరికే బొమ్మ కోసం పెట్టింది కాదు. 1969 చివర్లో ఒమేగా, నాసా కోసం అలాస్కా ప్రాజెక్ట్ అనే పేరుతో ఒక ప్రోటోటైప్ చేసింది. తీవ్రమైన వేడి, చలి నుంచి కాపాడటానికి వాచ్ చుట్టూ ఎర్ర అల్యూమినియం తొడుగు పెట్టారు. ఆ ఎరుపు, ఆ ముళ్ల ఆకారం అక్కడి నుంచి వచ్చినవే. వెనక్కి తిప్పితే బ్యాటరీ మూత మీద కుజ గ్రహం బొమ్మ ఉంటుంది. 2013 నవంబర్ 5న మన శ్రీహరికోట నుంచే మంగళ్‌యాన్ బయల్దేరింది కాబట్టి, నాకు ఈ 11లో మార్స్ తప్ప ఇంకోటి కొనాలనిపించలేదు.

నచ్చనివి కూడా చెప్పాలి. పైన గాజు కాదు, అది కూడా ప్లాస్టిక్ రకమే. రెండో నెలలోనే బైక్ తాళాలు తగిలి గీత పడింది. వాటర్ రెసిస్టెన్స్ 3 బార్. అంటే వానలో తడిస్తే పర్లేదు, నిజాంసాగర్ కాలువలో దూకకూడదు. వెల్క్రో పట్టీ ఏసీ ఆఫీసులో బాగుంటుంది కానీ మే నెల ఎండలో చెమటకి తడిసి, సాయంత్రానికి వాసన మొదలవుతుంది. నేను రెండు వారాలకే 20 మిల్లీమీటర్ల నైలాన్ పట్టీ వేసుకున్నా.

వాడకం: రోడ్డు మీద టాకీమీటర్

కొన్న మొదటి రోజు చాలామంది భయపడే విషయం ఒకటుంది. మధ్యలోని పొడవైన సెకన్ల ముల్లు కదలదు! వాచ్ ఆగిపోలేదు. అది స్టాప్‌వాచ్ ముల్లు, పై బటన్ నొక్కితేనే కదులుతుంది. మామూలు సెకన్లు కింది చిన్న గుండ్రంలో తిరుగుతుంటాయి. నా నకిలీలో పెద్ద ముల్లే ఎప్పుడూ తిరిగేది. అప్పుడే అనుమానం రావాల్సింది.

అంచు చుట్టూ ఉన్న అంకెలు టాకీమీటర్. ఒక కిలోమీటర్ రాయి దగ్గర బటన్ నొక్కి, తర్వాతి రాయి దగ్గర ఆపితే, ముల్లు ఎక్కడ ఆగిందో అదే గంటకి మీ స్పీడ్. లెక్క సింపుల్, 3,600ని పట్టిన సెకన్లతో భాగిస్తే చాలు. బాన్సువాడ నుంచి నిజాంసాగర్ వైపు తమ్ముడు కారు నడుపుతుంటే చూశా. 48 సెకన్లు పట్టింది, ముల్లు 75 దగ్గర ఆగింది. కారు మీటర్ 78 చూపిస్తోంది. కార్ల మీటర్లు కొంచెం ఎక్కువే చూపిస్తాయి కాబట్టి వాచ్‌నే నమ్మా. 60 కంటే తక్కువ స్పీడ్‌లో వెళ్తే మాత్రం ఈ స్కేల్ పనికిరాదు, నిమిషం దాటిపోతుంది. కాబట్టి గుంతల రోడ్డు మీద ప్రయత్నించి వాచ్‌ని తిట్టకండి.

ఫోన్‌లో జీపీఎస్ ఉండగా ఇదెందుకు అంటారా? అవసరం లేదు. అయినా వచ్చేటప్పుడు తమ్ముడు కూడా నాలుగు సార్లు కొలవమన్నాడు. మా ఇద్దరికీ పనీపాటా లేదని అమ్మ అంది. ఈ వాచ్‌కి నేనిచ్చే పెద్ద మార్కు దీనికే.

చాచా డ్రాయర్‌లో మన హైదరాబాద్ కొలాబ్

మళ్లీ ఆ దుకాణంలోకి వస్తా. చాచా అసలుదాని వెనక మూత స్లాట్‌లో రూపాయి బిళ్ల పెట్టి తిప్పారు. మూత వచ్చేసింది. లోపల 394 నంబర్ బటన్ సెల్. "ఇది నా దగ్గర కూడా దొరుకుతది. సెల్ వరకు ఫికర్ లేదు" అన్నారు. తర్వాత కొంచెం పరీక్షగా చూసి, "మిషన్ పోతే మాత్రం నేను చెయ్యలేను. విప్పే తీరుగ కట్టలే" అన్నారు.

రివ్యూల్లో ఎక్కువగా కనపడని పాయింట్ ఇది. స్వాచ్ తీరే అంత. 2023 సెప్టెంబర్‌లో బ్లాంక్‌పైన్‌తో కలిసి తెచ్చిన 400 డాలర్ల స్కూబా ఫిఫ్టీ ఫాథమ్స్ ఆటోమేటిక్ అయినా, అందులోని సిస్టమ్51 మూవ్‌మెంట్ కూడా మెషిన్లు బిగించేసిందే, చేత్తో విప్పి బాగుచేసేలా చేసింది కాదు. అందులో హిందూ మహాసముద్రం పేరుతో ఆకుపచ్చ మోడల్ ఉంది, చూడటానికి భలే ఉంటుంది, అది వేరే సంగతి.

అప్పుడు చాచా కింది డ్రాయర్ లాగి, కాగితంలో చుట్టిన ఒక స్టీల్ వాచ్ తీశారు. డయల్ కొంచెం పసుపు తిరిగింది. మీద ఆల్విన్ అని ఉంది. "నీది స్విట్జర్లాండ్ల ఇద్దరు కలిసి చేసిన్రు. ఇది మన హైదరాబాద్, జపాన్ కలిసి చేసిన్రు" అన్నారు.

కూకట్‌పల్లిలో ఆల్విన్ కాలనీ మీద నుంచి వందసార్లు వెళ్లి ఉంటా, ఆ పేరు ఎక్కడిదో ఆలోచించలేదు. హైదరాబాద్ ఆల్విన్ 1942లో నిజాం కాలంలో మొదలైన కంపెనీ. డబుల్ డెక్కర్ బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు చేసేది. 1980ల్లో జపాన్ సీకోతో టెక్నికల్ ఒప్పందం పెట్టుకుని వాచీలు కూడా చేసింది. అప్పట్లో దాన్ని కొలాబ్ అనలేదు, డ్రాప్ అనలేదు, ఎవరూ రాత్రంతా లైన్ కట్టలేదు. 1990ల్లో కంపెనీయే పోయింది.

చాచా కీ తిప్పారు. ముల్లు కదిలింది. "దీన్ని నేను మూడుసార్లు విప్పిన" అన్నారు.

అమ్ముతారా అని అడిగా. "ఒకాయన రిపేర్‌కిచ్చి మళ్ల రాలే. వస్తడేమో" అని మళ్లీ కాగితంలో చుట్టి లోపల పెట్టేశారు.

స్మార్ట్ కొలాబ్‌ల సంగతేంటి?

మన సైట్ చదివేవాళ్లకి కొలాబ్ అంటే ముందు గుర్తొచ్చేవి ఫోన్లు, స్మార్ట్‌వాచ్‌లు. 2017 డిసెంబర్‌లో వన్‌ప్లస్ 5టీ స్టార్ వార్స్ ఎడిషన్ వచ్చింది. తెల్ల బ్యాక్, ఎర్ర అలర్ట్ స్లైడర్, ఇప్పటికీ అందంగా ఉంటుంది. కానీ దానికి వచ్చిన చివరి పెద్ద అప్‌డేట్ ఆండ్రాయిడ్ 10. 2021 అక్టోబర్‌లో వన్‌ప్లస్ వాచ్ హ్యారీ పోటర్ లిమిటెడ్ ఎడిషన్ మన ఇండియాలో రూ. 16,999కి వచ్చింది. హాగ్వార్ట్స్ హౌస్‌ల థీమ్ వాచ్ ఫేస్‌లు ఇచ్చారు. అది సొంత ఆర్‌టీఓఎస్ మీద నడిచేది. 2024లో వచ్చిన వన్‌ప్లస్ వాచ్ 2 నాటికి కంపెనీ వేర్ ఓఎస్‌కి మారిపోయింది.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. సాఫ్ట్‌వేర్ అంటేనే అంత, నేను రాసిన కోడ్ రెండేళ్లు బతికితే పండగ చేసుకుంటాను. కానీ కలెక్టర్‌గా ఆలోచిస్తే, స్మార్ట్ కొలాబ్‌లో జోక్ సగం సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. యాప్ ఆగిపోయినా, లోపలి బ్యాటరీ ఉబ్బినా ఆ సగం పోతుంది. కాసియో ప్యాక్‌మ్యాన్ వాచ్ చూడండి. 2021లో వచ్చింది, బొమ్మలు ముఖం మీదే ముద్రించి ఉన్నాయి. సెల్ మారిస్తే పదిహేనేళ్ల తర్వాత కూడా ఆ దెయ్యాలు ప్యాక్‌మ్యాన్ పక్కనే ఉంటాయి. సరదా కోసం కొంటుంటే, సరదా పైన కనపడేదాన్ని కొనండి.

నకిలీని ఎలా పట్టాలి?

రెండూ పక్కన పెట్టుకుని చూసినవి ఇవి:

1. స్టాప్‌వాచ్ పనిచేయాలి. వీడియో కాల్‌లో బటన్లు నొక్కించి, మధ్య ముల్లు కదిలి, ఆగి, రీసెట్‌లో 12 దగ్గరికి రావడం చూడండి. రికార్డ్ చేసిన వీడియో పంపితే ఒప్పుకోవద్దు.

2. టాకీమీటర్‌లో 90 అంకె దగ్గర చుక్క చూడండి. పాత స్పీడ్‌మాస్టర్లలో ఆ చుక్క అంకెకి సరిగ్గా పైన ఉండేది. కలెక్టర్ల కోసం మూన్‌స్వాచ్‌లో కూడా అలాగే పెట్టారు. నా నకిలీలో అది పక్కకి జరిగి ఉంది.

3. పైనున్న అద్దం మధ్యలో, వెలుతురు ఏటవాలుగా పడితేనే కనపడేంత చిన్న ఎస్ అక్షరం ఉంటుంది. చాచా భూతద్దంతో చూసింది ముందు అదే చోట. దేనికోసం చూశారో తర్వాత అడిగితే, "అక్షరం సంగతి నాకు తెల్వదు, అద్దం పని మంచిగుందా లేదా చూసిన" అన్నారు.

4. బ్యాటరీ మూత మీద గ్రహం ప్రింట్ పదునుగా ఉండాలి. నాదాంట్లో కుజుడు టమాటాలా ఉన్నాడు.

వీటిలో ఏ ఒక్కటీ సరిపోదు. నకిలీ చేసేవాళ్లు కూడా ఇలాంటి ఆర్టికల్స్ చదువుతారు. అందుకే వాచ్‌ని చూసేకంటే ముందు అమ్మేవాడిని చూడండి. షాపు బిల్లు లేకపోతే, కలిసి ఇవ్వనంటే, తొందరపెడితే, వదిలేయండి. ఒక డ్రాప్ పోతే ఇంకో పౌర్ణమి వస్తుంది.

కొనొచ్చా?

షాపు ధరకి దొరికితే, కథ మీకు నచ్చితే, కొనండి. ఆ ధరకి ఇంత మాట్లాడించే వాచ్ నేను ఇంకోటి చూడలేదు. దాని మీద పదో పరకో ఎక్కువంటే బస్సు ఛార్జీ అనుకోవచ్చు. రెట్టింపు అంటే మాత్రం వద్దు. పది లక్షలకు పైగా ఉన్న వస్తువు రేపు ధర పెరుగుతుందని దాచుకోవడం పెట్టుబడి కాదు. ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్‌లో మంచి సీకో ఆటోమేటిక్ వస్తుంది, దాన్ని చాచా విప్పగలరు కూడా.

నచ్చినవి: డిజైన్, బరువు లేకపోవడం, అడుగడుగునా దాచిన జోకులు, ఊళ్లోనే సెల్ మార్చుకోగలగడం.

నచ్చనివి: గీతలు పడే పై అద్దం, వెల్క్రో పట్టీ, రిపేర్ లేని మూవ్‌మెంట్, చిన్న ఊళ్లవాళ్లని రీసెల్లర్ చేతిలో పెట్టే అమ్మకం పద్ధతి.

నా అసలుది గీతలతోనే రోజూ చేతికి ఉంటోంది. బాక్స్‌లో పెట్టి దాచమని ఇద్దరు ఫ్రెండ్స్ చెప్పారు, వినలేదు. నకిలీది చాచాకి ఇచ్చేశా. సెల్, పట్టీ పనికొస్తాయన్నారు. మొన్న అటు వెళ్తూ చూస్తే, దాన్ని షాపు అద్దంలో వేలాడదీశారు. పక్కన అట్టముక్క మీద మార్కర్‌తో "నకిలీ, అమ్మబడదు" అని రాసి ఉంది.

కాలేజీ కుర్రాళ్లు ఇద్దరు దాని ముందు నిలబడి ఫోటో తీసుకుంటున్నారు.